గులాబీ పూసింది.. అప్పు ముల్లు దిగింది

* బెంగళూరులో పుట్టి ఆఫ్రికా దాకా పాకిన పూల కంపెనీ
* అప్పుతో ఎదిగి.. అప్పుతోనే ఒరిగిన వైనం
* సరుకిచ్చే రైతులు, షేర్లు కొనే చిన్న మదుపరులు నేర్చుకోవాల్సిందేమిటి?

హోసూరు: జనవరి నెలాఖరు వచ్చిందంటే హోసూరు చుట్టుపక్కల నిద్ర ఉండదు. బాగలూరు, బేరికె, తళి, కెలమంగళం వైపు పాలీహౌస్‌లలో తెల్లవారకముందే గులాబీలు కోసి, ముళ్లు తీసి, ఇరవైయేసి కాడలు కట్టగట్టి, చల్లటి గదుల్లో పెట్టి బెంగళూరు విమానాశ్రయానికి పంపుతారు. ఫిబ్రవరి 14 నాటికి పువ్వు విదేశంలో దిగాలి. ఒక్కరోజు ఆలస్యమైనా ఎర్ర 'తాజ్‌మహల్' గులాబీకి ఎగుమతి ధర రాదు, ఊళ్ళో పూలదండల ధరే గతి. తెలుగు మాట్లాడే రైతులు ఎక్కువగా ఉన్న ఈ పల్లెల్లో ఈ లెక్క చిన్నపిల్లలకు కూడా తెలుసు.

అదే గులాబీని నమ్ముకొని బెంగళూరు నుంచి బయల్దేరిన ఒక కంపెనీ ఒకప్పుడు ప్రపంచంలోనే అతి పెద్ద గులాబీ ఉత్పత్తిదారుగా పేరు తెచ్చుకుంది. దాని పేరు కరుటూరి గ్లోబల్. పేరు తెలుగు, ఆఫీసు బెంగళూరు, పంట మనకు తెలిసిన పంట. ఇంకేం, షేరు కొనడానికి ఇంతకంటే భరోసా ఏం కావాలనిపిస్తుంది ఎవరికైనా. కానీ పదుల రూపాయలు పలికిన ఆ షేరు కొన్నేళ్ళలోనే చిల్లర నాణేల స్థాయికి జారిపోయింది. కంపెనీ కూలింది పూలు పూయక కాదు. అప్పు, పంట, రూపాయి, రాజకీయం నాలుగూ ఒకేసారి ఎదురు తిరిగాయి.

ఈ కథ పాతదే. పాఠం మాత్రం ప్రతి సీజన్‌లోనూ కొత్తగానే పనికొస్తోంది. గులాబీ అయినా, మామిడి గుజ్జు అయినా, రొయ్యలు అయినా, సోనా మసూరి బియ్యం అయినా అప్పుతో ఎగుమతి చేసే కంపెనీకి ఉండే గండాలు ఒకటే రకం. ఆ కంపెనీలో మన డబ్బున్నా, మన సరుకున్నా ఆ గండాలు మనవే.

బెంగళూరు నుంచి నైవాషాకు

సాయి రామకృష్ణ కరుటూరి 1990లలో బెంగళూరు కేంద్రంగా గులాబీల సాగు మొదలుపెట్టారు. 2004 ప్రాంతంలో ఇథియోపియాకు వెళ్ళారు. అక్కడి నుంచి 2007లో పెద్ద అడుగు వేశారు. కెన్యాలోని నైవాషా సరస్సు ఒడ్డున నెదర్లాండ్స్ వారి చేతిలో ఉన్న షేర్ ఏజెన్సీస్ అనే గులాబీ తోటను సుమారు 7 కోట్ల డాలర్లకు కొన్నారు. దీంతో ఏడాదికి కోట్ల సంఖ్యలో గులాబీ కాడలు అమ్మే కంపెనీ అయిపోయింది. వేలమంది కూలీలు, వారి పిల్లలకు బడి, ఆసుపత్రి, చివరికి ఫుట్‌బాల్ జట్టు కూడా ఆ తోటతోపాటే వచ్చాయి.

ఎత్తైన ప్రదేశం, చల్లటి రాత్రులు, భూమధ్యరేఖ ఎండ. పువ్వు మొగ్గ పెద్దదిగా, కాడ పొడవుగా రావడానికి నైవాషాను మించిన చోటు అరుదు. రాత్రికి విమానం ఎక్కితే పొద్దున్నే ఆమ్‌స్టర్‌డాంలో వేలం. వ్యాపారంగా చూస్తే ఆలోచన తప్పేమీ కాదు. చిక్కంతా కొన్న తోటకు డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందన్న దగ్గరే ఉంది.

డాలర్లలో అప్పు.. రూపాయల్లో చెమట

ఆ రోజుల్లో మన కంపెనీలు చాలా వరకు విదేశీ కన్వర్టిబుల్ బాండ్ల మీద మోజు పడ్డాయి. కరుటూరి కూడా ఆ దారినే పోయింది. ఈ బాండు సంగతి పల్లె భాషలో చెప్పాలంటే.. అప్పిచ్చినవాడు ఇలా అంటాడు: "నీ షేరు ఫలానా ధర దాటితే నాకు అప్పు తిరిగివ్వనక్కర్లేదు, షేర్లు ఇయ్యి చాలు. దాటకపోతే మాత్రం గడువు రోజున అసలు, దానిపైన ఒప్పుకున్న మొత్తం డాలర్లలోనే కట్టాలి". షేరు పెరిగే రోజుల్లో ఇది ఉచితంగా వచ్చిన డబ్బులా కనిపిస్తుంది. షేరు పడితే అసలు రంగు బయటపడుతుంది.

2007 చివర్లో డాలరు 40 రూపాయల లోపు ఉండేది. 2012 అక్టోబరు నాటికి 53 రూపాయల దగ్గరికి చేరింది. 2013 ఆగస్టులో ఒక దశలో 68 రూపాయలు దాటింది. అంటే 2007లో కోటి డాలర్లు తెస్తే 40 కోట్ల రూపాయల అప్పు. అయిదేళ్ళు తిరిగేసరికి ఒక్క పైసా కొత్తగా తీసుకోకపోయినా అదే అప్పు 53 కోట్లయింది. 2008 ఆర్థిక మాంద్యం తర్వాత షేరు ధరలు పడిపోవడంతో బాండ్లు షేర్లుగా మారలేదు. కరుటూరి 2012లో తీరాల్సిన బాండ్లకు గడువు పెంచుకోవాల్సి వచ్చింది. గడువు పెంచుకోవడమంటే అప్పు తీరడం కాదు. అది మరుసటి ఏడాదికి వాయిదా పడ్డ పొలం గట్టు తగాదా లాంటిది.

ఎగుమతిదారుకు డాలర్లు వస్తాయి కదా, రూపాయి పడితే లాభమే కదా అని అడగొచ్చు. సగం నిజం. గులాబీ అమ్మకం ఎక్కువగా యూరోల్లో జరుగుతుంది. అప్పు డాలర్లలో ఉంది. 2008 జులైలో యూరోకు 1.60 డాలర్లు వస్తే, అదే ఏడాది నవంబరులో 1.25 దగ్గరికి పడింది. పువ్వు అదే, ధర అదే, చేతికొచ్చిన డాలర్లు మాత్రం తగ్గాయి. ఎగుమతి కంపెనీ అనగానే ఏ దేశం డబ్బులో రాబడి, ఏ దేశం డబ్బులో అప్పు అని చూడకపోతే మోసపోయేది ఇక్కడే.

పువ్వు ఆగదు.. కిస్తీ ఆగదు

చిన్న లెక్క చూద్దాం. ఒక కంపెనీ ఏడాదికి 100 కోట్ల సరుకు అమ్మింది. ఖర్చులు 88 కోట్లు. మిగిలింది 12 కోట్లు. అందులో బ్యాంకు వడ్డీ 8 కోట్లు పోతే 4 కోట్ల లాభం. మరుసటి ఏడాది విదేశంలో ధర కేవలం 5 శాతం తగ్గింది. అమ్మకం 95 కోట్లు. ఎరువు, కూలి, విమాన చార్జీలు తగ్గవు కాబట్టి ఖర్చు అదే 88. మిగిలింది 7 కోట్లు. వడ్డీ మాత్రం 8 కోట్లే. అంటే కోటి రూపాయల నష్టం. అప్పు లేని కంపెనీకైతే అదే ఏడాది 7 కోట్లు మిగులుతాయి. ధర 5 శాతం తగ్గడం వ్యవసాయంలో వింతా విడ్డూరమా? సంతకు పోయి వచ్చేలోగా తగ్గుతుంది.

ఇక పాడైపోయే సరుకుకు ఉన్న ముప్పు వేరు. 2008 జనవరిలో ఎన్నికల తర్వాత చెలరేగిన అల్లర్లు నైవాషా పట్టణాన్ని కూడా వణికించాయి. అప్పటికి ప్రేమికుల రోజు ముంగిట్లో ఉంది. 2010 ఏప్రిల్‌లో ఐస్‌లాండ్‌లో అగ్నిపర్వతం పేలి బూడిద కమ్మేయడంతో యూరప్‌కు విమానాలు ఆగిపోయాయి. కెన్యాలో పూలు గుట్టలు గుట్టలుగా కుళ్ళిపోయాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు మన హోసూరు రైతులు కూడా కోసిన పూలు దిబ్బల్లో పారబోసుకున్నారు. నిమిషానికి వాడిపోయే సరుకు, నెలనెలా వచ్చే కిస్తీ.. ఈ రెండింటికీ ముడిపెడితే ఒక్క చెడ్డ వారం చాలు కొంప మునగడానికి.

అయినా హోసూరు చిన్న రైతుకు ఒక ఆసరా ఉంది. విమానం ఆగినా పెళ్ళిళ్ళు, గుళ్ళు, బెంగళూరు పూల మార్కెట్ ఉన్నాయి. ధర తగ్గినా ఎంతోకొంత చేతికొస్తుంది. నైవాషాలో పూసే కోట్ల పూలకు నైరోబీ మార్కెట్ ఏ మూలకు చాలుతుంది? ఒకే గుమ్మం ఉన్న ఇంటికి ఆ గుమ్మం మూసుకుపోతే ఎలాగో, ఒకే మార్కెట్ ఉన్న కంపెనీకీ అంతే.

ఎకరం పాతిక రూపాయలు

గులాబీతో ఆగి ఉంటే కథ ఎలా నడిచేదో. కానీ కంపెనీ కన్ను నేల మీద పడింది. ఇథియోపియా పశ్చిమాన, దక్షిణ సూడాన్ సరిహద్దుకు దగ్గర్లో ఉన్న గాంబెల్లా ప్రాంతంలో 2010లో లక్ష హెక్టార్లకు 50 ఏళ్ళ లీజు ఒప్పందం కుదిరింది. బాగా సాగు చేసి చూపిస్తే మరో 2 లక్షల హెక్టార్లు. మొత్తం 3 లక్షల హెక్టార్లంటే మన కృష్ణగిరి జిల్లాలో సగానికి పైమాటే. కౌలు హెక్టారుకు ఏడాదికి 20 బిర్‌లు. అప్పటి మారకం లెక్కన చూస్తే ఎకరానికి పాతిక రూపాయలు కూడా పడదు. మొక్కజొన్న, వరి, చెరకు, పామాయిల్ వేస్తామన్నారు. ఆ వార్తలు మన పత్రికల్లో పతాక శీర్షికలయ్యాయి.

అంత చవగ్గా ఎందుకిస్తున్నారు అన్న ప్రశ్న మన పల్లెలో ఏ ముసలాయన్ని అడిగినా ముందు వేసే ప్రశ్న. జవాబు బరో నది చెప్పింది. అది వరద మైదానం. 2011 వర్షాకాలంలో నది పొంగి, కంపెనీ కట్టిన కరకట్టలను తోసుకొని చేలోకి వచ్చింది. కోతకొచ్చిన మొక్కజొన్న వేల హెక్టార్లలో నీటిపాలైంది. నీళ్ళు లేని సంవత్సరాల్లో కూడా ఇంకో ఇబ్బంది ఉంది. ఇథియోపియాకు సముద్ర తీరం లేదు. గాంబెల్లా నుంచి జిబూతి రేవుకు వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం. రోడ్డు, కరెంటు, గోదాములు అన్నీ కంపెనీయే చూసుకోవాలి. నేల చవకే, దాన్ని పొలంగా మార్చే ఖర్చు తడిసి మోపెడైంది.

మూడో సంగతి మనుషులది. ఆ నేల ఖాళీ నేల కాదు. అన్యువాక్ తెగవారు తరతరాలుగా అడవి, నది, పోడు మీద బతుకుతున్న చోటు. అక్కడి ప్రభుత్వం గ్రామాలను తరలిస్తున్న తీరుపై 2012లో హ్యూమన్ రైట్స్ వాచ్ నివేదిక ఇచ్చింది. తరలింపులు స్వచ్ఛందంగా జరుగుతున్నాయన్నది ప్రభుత్వం వాదన. ఎవరి వాదన ఏదైనా మదుపరికి అర్థం కావాల్సింది ఒకటుంది. నేల మీద ఉన్నవాళ్ళ సమ్మతి లేని లీజు కాగితం ఎంత పొడుగ్గా ఉన్నా దానికి ఆయుష్షు తక్కువ. సెజ్‌లకు, ప్రాజెక్టులకు భూములు పోగొట్టుకున్న మన జిల్లాల వారికి ఇది వేరే చెప్పాలా?

చివరికి 2015 డిసెంబరులో ఇథియోపియా ప్రభుత్వం లీజు రద్దు చేస్తూ లేఖ రాసింది. లక్ష హెక్టార్లలో 1,200 హెక్టార్లే సాగులోకి తెచ్చారన్నది దాని లెక్క. కంపెనీ ఒప్పుకోలేదు, రద్దు చెల్లదని వాదించింది. 2017లో ఇథియోపియా నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది.

ముందు జీతాలు.. తర్వాత తాళాలు

అటు గాంబెల్లా డబ్బు మింగుతుంటే ఇటు కెన్యాలో కరవు మొదలైంది. పూలు తక్కువ ధరకు దుబాయ్‌లోని సొంత సంస్థకు అమ్మినట్టు చూపి, అక్కడి నుంచి అసలు ధరకు అమ్ముకున్నారని, అలా కెన్యాలో పన్ను తగ్గించారని ఆ దేశ రెవెన్యూ శాఖ ఆరోపించింది. సుమారు 1.1 కోట్ల డాలర్ల పన్ను కట్టాలన్న వ్యవహారం 2013లో బయటికి పొక్కింది. కంపెనీ దీన్ని సవాలు చేసింది. అదే ఏడాది జీతాలు ఆలస్యమవుతున్నాయంటూ నైవాషా కూలీలు సమ్మెకు దిగారు. 2014 ఫిబ్రవరిలో, సరిగ్గా గులాబీల సీజన్‌లో, అప్పిచ్చిన సీఎఫ్‌సీ స్టాన్‌బిక్ బ్యాంకు తోటపై రిసీవర్లను నియమించింది.

ఇక్కడ వరస గమనించండి. ముందు కూలి ఆలస్యమైంది. తర్వాత బ్యాంకు వచ్చింది. ఆ తర్వాతే దూరాన ఉన్న షేరుదారుకు పూర్తిగా తెలిసింది. కంపెనీ ఆరోగ్యం బ్యాలెన్స్ షీట్‌లో కనిపించే ముందే కూలీల క్యూలో కనిపిస్తుంది. వేలమంది కుటుంబాలు జీతం, ఇల్లు, బడి, ఆసుపత్రి అన్నీ ఒకే యజమాని చేతిలో పెట్టుకున్న చోట ఆ దెబ్బ ఎలా ఉంటుందో కోలారు బంగారు గనులు 2001లో మూతపడ్డప్పుడు చూసిన మన తెలుగు కుటుంబాలకు తెలియంది కాదు.

మన గుమ్మం ముందు కూడా ఇవే గండాలు

ఆఫ్రికా దాకా పోనక్కర్లేదు. రాయచూరు, సింధనూరు, గంగావతి వైపు క్యాంపుల్లో స్థిరపడ్డ మనవాళ్ళు పండించే సోనా మసూరికి విదేశాల్లో గిరాకీ ఉంది. 2022 సెప్టెంబరులో కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిపై 20 శాతం సుంకం వేసింది. 2023 జులై 20న ఏకంగా ఎగుమతినే నిషేధించింది. 2024 సెప్టెంబరు చివర్లో గానీ ఆ నిషేధం ఎత్తేయలేదు. పద్నాలుగు నెలలు. అప్పు తెచ్చి మిల్లు పెంచుకున్న ఎగుమతిదారుకు బ్యాంకు పద్నాలుగు నెలలు వడ్డీ ఆపుతుందా?

2025 వేసవిలో చిత్తూరు, కృష్ణగిరి, కోలారు మామిడి రైతులు తోతాపురి కాయలతో ఫ్యాక్టరీల ముందు రోజుల తరబడి నిలబడ్డారు. పాత గుజ్జు నిల్వలే అమ్ముడుపోలేదని ఫ్యాక్టరీల వారి మాట. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కిలో 12 రూపాయలుగా నిర్ణయించి, అందులో 4 రూపాయలు తాను భరిస్తానంది. డ్రమ్ముల్లో ఉన్న గుజ్జు మీద అప్పు తెచ్చుకున్న ఫ్యాక్టరీకి అమ్మకం ఆగితే మొదట ఆగేది రైతు పైకమే. అదే ఏడాది ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచడంతో కోస్తాలో రొయ్యల చెరువుల దగ్గర ధరలు కుదేలయ్యాయి. యానాం, బరంపురం వైపు రొయ్యలు వేసిన వారికి ఆ వేడి తగిలింది.

నిషేధం ఢిల్లీ నుంచి రావచ్చు, సుంకం వాషింగ్టన్ నుంచి రావచ్చు, వరద దేవుడి దగ్గర్నుంచి రావచ్చు. వడ్డీ మాత్రం ప్రతి నెలా వస్తుంది.

మునిగాక ఎవరికి ఎంత?

కంపెనీ చేతులెత్తేస్తే డబ్బు పంచే వరస మన 2016 దివాలా చట్టంలో ఉంది. ముందు దివాలా ప్రక్రియ ఖర్చులు. తర్వాత ఆస్తి తాకట్టు పెట్టుకున్న బ్యాంకులు, వారితో సమానంగా కార్మికుల 24 నెలల బకాయిలు. ఆ తర్వాత మిగతా ఉద్యోగులు, తాకట్టు లేని అప్పులు, ప్రభుత్వ బకాయిలు.. ఇలా దిగుతూ పోతుంది. సరుకిచ్చిన రైతు ఈ కింది మెట్ల మీదే ఉంటాడు. అట్టడుగున షేరుదారు. అక్కడికి వచ్చేసరికి సాధారణంగా గిన్నె ఖాళీ.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. దివాలా ప్రక్రియ మొదలుపెట్టమని ట్రిబ్యునల్‌కు వెళ్ళాలంటే బకాయి కనీసం కోటి రూపాయలు ఉండాలని 2020 మార్చిలో పరిమితి పెంచారు. 3 లక్షలు రావాల్సిన రైతు ఒంటరిగా ఆ గడప తొక్కలేడు. అందుకే జాగ్రత్తంతా లారీకి లోడు ఎత్తక ముందే పడాలి.

ఇవి చూసుకోండి

షేరు కొనేవారు:
* లాభం ఎంత అని కాదు, వ్యాపారం నుంచి చేతికి నగదు వచ్చిందా లేదా అని చూడండి. ఏళ్ళ తరబడి లాభం చూపిస్తూ నగదు రాకపోతే ఎక్కడో తేడా ఉన్నట్టే.
* వడ్డీకి ముందు మిగిలిన సొమ్ము వడ్డీకి కనీసం రెండు మూడు రెట్లు లేకపోతే ఒక చెడ్డ సీజన్‌ను కూడా కంపెనీ తట్టుకోలేదు.
* రాబడి ఏ కరెన్సీలో, అప్పు ఏ కరెన్సీలో? పెద్ద కిస్తీ ఏ సంవత్సరంలో పడుతుంది?
* యజమానులు తమ షేర్లు తాకట్టు పెట్టారా? సత్యం కుంభకోణం తర్వాత 2009 నుంచి ఈ వివరం బయటపెట్టడం తప్పనిసరి. మూడు నెలలకోసారి ఎక్స్ఛేంజిలో కనిపిస్తుంది.
* సొంత వాళ్ళ కంపెనీలతో అమ్మకాలు, కొనుగోళ్ళు ఎంత? కోర్టుల్లో ఉన్న పన్ను బకాయిలెంత? వార్షిక నివేదిక చివరి పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉంటాయి. కథంతా అక్కడే ఉంటుంది.

సరుకిచ్చే రైతులు:
* డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారో కాగితం మీద రాయించుకోండి. ప్రతి లోడుకు రసీదు తీసుకోండి.
* పంటంతా ఒకే కంపెనీకి పెట్టొద్దు. కొంతైనా మండీకి, స్థానిక మార్కెట్‌కు ఉంచుకోండి.
* 15 రోజుల్లో ఇచ్చే కంపెనీ 45 రోజులకు, 45 నుంచి 90 రోజులకు జరుగుతుంటే అది మొదటి గంట. పాత బాకీ వచ్చాకే కొత్త లోడు.
* "మీ సొమ్ము మా దగ్గరే ఉంచండి, నూటికి రెండు రూపాయల వడ్డీ ఇస్తాం" అంటే లేచి వచ్చేయండి. బ్యాంకు ఇవ్వనన్నాకే చాలామంది రైతు గడప ఎక్కుతారు.

కరుటూరి ఒక్కటే అప్పు చేసిందని కాదు, అప్పు చేయడమే నేరమని కూడా కాదు. పాలీహౌస్ వేసిన ప్రతి రైతూ బ్యాంకు మెట్లెక్కినవాడే. అయితే ఒక తోట అప్పు తీరకుండా రెండో తోట కొనడం, పూల మీద సంపాదించాల్సింది మొక్కజొన్న మీద పెట్టడం, చూడని నదిని నమ్మడం.. ఇవి ఏ ఊళ్ళో చేసినా ఫలితం ఒకటే. మన వైపు రైతు కొత్త పొలం కౌలుకు తీసుకునే ముందు ఆ ఊరి పెద్దలను అడిగేది రెండే మాటలు: 'వానొస్తే నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయి? ఇంతకుముందు చేసినవాడు ఎందుకు వదిలేశాడు?' షేరు కొనే ముందూ, లోడు ఎత్తే ముందూ ఆ రెండు మాటలే అడిగితే చాలు.